కవాతు కనిపించింది, శవం కనిపించలేదు

యుద్ధకాలంలో గీసిన ఏ చిత్రాన్ని చూసినా నాకు ముందుగా తోచే ప్రశ్న ఒకటే: ఇది ఎవరి అనుమతితో మన కంటిదాకా వచ్చింది?

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన తొలి యుద్ధ చిత్రకారుడు మ్యూర్‌హెడ్ బోన్. గ్లాస్గోలో పుట్టినవాడు, కట్టడాలను గీయడంలో సిద్ధహస్తుడు. 1916 ఆగస్టులో అతణ్ణి ఫ్రాన్సుకు పంపారు. అంతకు ఆరు వారాల ముందు, జూలై 1న, సోమ్ యుద్ధం మొదలైన ఒక్కరోజులోనే 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు.

బోన్ చిత్రాలు ‘ది వెస్టర్న్ ఫ్రంట్’ సంపుటాలుగా వెలువడ్డాయి. పీఠిక సేనాపతి డగ్లస్ హేగ్‌ది, వ్యాఖ్యానం సి. ఇ. మాంటేగ్‌ది. ఫిరంగి గుండ్లకు కూలిన గోడలను బోన్ ఎంతో శ్రద్ధగా గీశాడు. ఆ శిథిలాల నడుమ సాగిపోయే సైనికులు మాత్రం చాలాచోట్ల నలుసులంత. ఊరికి తగిలిన గాయం కనిపిస్తుంది, మనిషికి తగిలినది కనిపించదు. ఇది బోన్ చేతిలోని లోపమని నేననుకోను. ఆ పుస్తకం ప్రభుత్వ ప్రచారం కోసం పుట్టింది.

సి. ఆర్. డబ్ల్యు. నెవిన్సన్ అనుభవం చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. యుద్ధారంభంలో అతడు క్షతగాత్రులకు సేవ చేశాడు. 1914–15లో అతడు చిత్రించిన ఫ్రెంచి సైనికులు యంత్రంలోని చక్రాల్లా ఒకే ఊపున కందకాలకు నడుస్తారు. దానికి అడ్డు రాలేదు. 1917లో, తానూ ప్రభుత్వ చిత్రకారుడైన తరువాత, ముళ్ళతీగల దగ్గర బురదలో బోర్లా పడివున్న ఇద్దరు సైనికుల శవాలను చిత్రించాడు. సెన్సారు నిషేధించింది. 1918 ప్రదర్శనలో అతడు ఆ పటానికి అడ్డంగా ‘సెన్సారైనది’ అన్న కాగితపు పట్టీ అంటించి మరీ వేలాడదీశాడు!

నడిచే సైనికుణ్ణి చూపవచ్చు, పడిపోయిన సైనికుణ్ణి చూపరాదు. పాలకుల కళానీతి ఇంతే. బోన్‌కు వ్యాఖ్యానం రాసిన మాంటేగే, 1922లో ‘డిసెన్‌చాంట్‌మెంట్’ అనే పుస్తకంలో యుద్ధంపై తన భ్రమలు తొలగిన తీరు రాశాడు.

అంతమాత్రాన బోన్ చిత్రాలను పారవేయనక్కరలేదు. కూలిన గోడలు అబద్ధం చెప్పవు. వాటి పక్కనుంచి నడిచిపోయినవాళ్ళు ఎక్కడికి చేరారో అడగడం చరిత్రకారుడి పని, విమర్శకుడి పని.