శ్రీశైల మల్లన్న చుట్టాలు

నల్లమల నడుమ, కృష్ణానది కుడి గట్టు కొండల మీద ఉంది శ్రీశైలం. జ్యోతిర్లింగమైన మల్లికార్జునుడు, శక్తిపీఠమైన భ్రమరాంబ ఒకే ప్రాకారంలో కొలువైన క్షేత్రమిది. రోడ్లు పడకముందు యాత్రికులు అడవి దారుల్లో రోజుల తరబడి నడిచి కొండెక్కేవారు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఇక్కడికి మెట్లు కట్టించాడు. శివాజీ 1677లో వచ్చాడు; ఉత్తర గోపురం ఆయన పేరు మీదే ఉంది.

రాజుల దానాలు శాసనాలకెక్కాయి. జనం మాత్రం ఈ దేవుడితో చుట్టరికం కలుపుకున్నారు. శ్రీశైల స్థలగాథల్లో అసలు విశేషం అదే.

మల్లికార్జునుడన్న పేరుకు చంద్రావతి కథ చెబుతారు. కన్నతండ్రే తనను మోహించడంతో ఆ రాజకుమారి ఇల్లు విడిచి ఈ కొండకు చేరింది. తన ఆవు రోజూ ఒకచోట పాలు కార్చడం గమనించి, అక్కడ లింగాన్ని కనుగొంది. మల్లెపూలతో దాన్ని అర్చించింది. ఆ మల్లికలే స్వామి పేరులో నిలిచాయట. 1794లో శ్రీశైలం వచ్చిన ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ ఇక్కడి గాథలను రాసుకెళ్లాడు.

చెంచుల కథ వేరు. వేటకొచ్చిన శివుడు చెంచుపిల్లను వలచి పెళ్లాడాడని వారి నమ్మకం. అందుకే వారికి ఆయన చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు. అహోబిలంలో నరసింహుడు చెంచులక్ష్మిని మనువాడినట్టే ఇదీ. పురాణాల దేవుణ్ణి అడవి బిడ్డలు తమవాణ్ణి చేసుకున్న తీరు ఈ రెండు కథల్లోనూ కనిపిస్తుంది.

కన్నడిగులకు భ్రమరాంబ ఆడపడుచు. ఉగాదికి వేలమంది కాలినడకన అడవి దాటి వచ్చి, పుట్టింటివారిలా చీర, పసుపుకుంకుమలు సమర్పిస్తారు. 12వ శతాబ్దపు అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుణ్ణే భర్తగా భావించి, కన్నడదేశం నుంచి ఇక్కడికి చేరింది. ఆమె పేరుతో ఒక గుహ కూడా ఉంది.

మహాశివరాత్రినాడు పెళ్లికొడుకు తలపాగా తెచ్చేది చీరాల ప్రాంతపు నేతకుటుంబం. రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన వస్త్రమది. లింగోద్భవ వేళ గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. నేతగాడు దిగంబరుడై, ఆ చీకట్లో విమాన శిఖరం నుంచి ముఖమంటపం మీది నందులను కలుపుతూ పాగా చుడతాడు. ఆ తర్వాతే స్వామివారి కల్యాణం.