భారమే ఆహారం

దెబ్బతిన్న కీలు మృదులాస్థి ఒకసారి నశిస్తే మళ్ళీ కోలుకోదని విలియం హంటర్ 1743లో లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో పేర్కొన్నాడు. ఆ మాట తరతరాల వైద్యులను శాసించింది. రక్తనాళాలు, నరాలు లేని ఆ తెల్లని పొర చెప్పు అట్టలా అరిగిపోయే జడపదార్థమనీ, కాలికి విశ్రాంతినివ్వడమే దానికి రక్ష అనీ ఒక నమ్మకం స్థిరపడింది. ఆ నమ్మకాన్ని సడలించడంలో ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాల అమెరికన్ ప్రయోగశాలలది ముఖ్యపాత్ర.

మృదులాస్థి బరువులో సుమారు 70 నుంచి 80 శాతం నీరే. న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్‌లో వాన్ మౌ బృందం 1980లో దానిని ఘనం, ద్రవం కలిసిన పదార్థంగా భావించి గణితసూత్రాలు కూర్చింది. ఒత్తిడి పడిన క్షణంలో భారాన్ని అధికంగా మోసేది లోపల చిక్కుకున్న నీరే. అది మెల్లగా బయటికి జారుతుంది. భారం తొలగగానే ప్రోటియోగ్లైకాన్లు నీటిని తిరిగి లోనికి లాగుకుంటాయి.

అదే కాలంలో ఇండియానాపోలిస్‌లో పామోస్కీ, బ్రాంట్ అనే పరిశోధకులు కుక్కల కాళ్ళను కట్టుతో కదలకుండా బిగించి చూశారు. విశ్రాంతి రక్షించలేదు సరికదా, మృదులాస్థి క్షీణించింది. కట్టు విప్పి స్వేచ్ఛగా నడవనిస్తే కోలుకుంది. వెంటనే పరుగెత్తిస్తే ఆ కోలుకోవడం ఆగిపోయింది. 1989లో ఎం.ఐ.టి.లో రాబర్ట్ సా, అలన్ గ్రోడ్జిన్‌స్కీ బృందం దూడ మృదులాస్థి ముక్కలపై ఈ తేడాను కణస్థాయిలో పరీక్షించింది. ఎడతెగని ఒత్తిడి కింద కణాల నిర్మాణకార్యం మందగించింది. తగిన వేగంతో వచ్చిపోయే ఒత్తిడి దానిని ఉత్తేజపరిచింది.

మనుషుల విషయంలో ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం మరొక పార్శ్వం చూపింది. పదేళ్ళలో సుమారు 5 కిలోల బరువు తగ్గిన స్త్రీలలో, నొప్పితో కూడిన మోకాలి అరుగుదల వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గినట్లు 1992లో ఫెల్సన్ బృందం ప్రకటించింది.

హంటర్ మాట పూర్తిగా అబద్ధం కాలేదు. నశించిన మృదులాస్థిని యథాతథంగా తిరిగి మొలిపించడం నేటికీ సాధ్యపడలేదు. అయితే మిగిలినది సజీవం. మోకాలు నొప్పి అనగానే మంచం పట్టించే సలహా దానిని పస్తు పెడుతుంది. మితిమీరిన శ్రమ దానిని చీల్చుతుంది. నడక, నడుమ విరామం, అదుపులో ఉన్న దేహభారం: ఆ కణాలు కోరేది ఇంతే.