రావుగారి రాళ్ళలో తిమింగలం పుట్టుక

జమ్మూ ప్రాంతంలోని రాజౌరీ జిల్లాలో కాలాకోట్ అనే చోట ఎ. రంగారావు అనే భూవిజ్ఞాని శిలాజాలు సేకరించారు. దొరికిన పళ్ళు, దవడ ముక్కల ఆధారంగా ఒక చిన్న గిట్టల జంతువును గుర్తించి, 1971లో దానికి ‘ఇండోహ్యూస్’ అని పేరు పెట్టి ప్రకటించారు. అదే ఏడాది అశోక్ సాహ్నీ, ఎస్.కె. ఖరే అలాంటిదే మరో జంతువుకు రావుగారి గౌరవార్థం ‘రావోయెల్లా’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఈ కుటుంబం మొత్తానికీ ఆయన పేరే స్థిరపడింది. అంతటితో వాటి సంగతి సద్దుమణిగింది. పిల్లి కన్నా కాస్త పెద్దదైన, ఎప్పుడో అంతరించిపోయిన ఒక అడవి జంతువు గురించి పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది?

రావుగారు సేకరించిన రాళ్ళలో చాలావాటిని పగలగొట్టి చూడనేలేదు. ఆయన పోయాక భార్య వాటిని జాగ్రత్తగా దాచారు. చివరికి అవి హాన్స్ తేవిసెన్ అనే శాస్త్రవేత్త చేతికి, అక్కడి నుంచి అమెరికాలోని ఒహైయోలో ఆయన ప్రయోగశాలకూ చేరాయి. రాయి నుంచి ఎముకను వేరుచేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగింది. లోపలి చెవి ఎముక బయటపడింది.

ఆ ఎముక గోడ ఒకవైపు పలచగా, ఇంకోవైపు ఉబ్బెత్తుగా, బాగా మందంగా ఉంది. దీన్ని ‘ఇన్‌వోల్యూక్రమ్’ అంటారు. అప్పటిదాకా తెలిసినంతలో ఇది తిమింగలాలకూ డాల్ఫిన్లకూ మాత్రమే ఉండే గుర్తు. నాలుగు గిట్టల మీద నడిచిన జంతువుకు తిమింగలం చెవి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న ఎందుకంత పెద్దదో తెలియాలంటే 1834కు వెళ్ళాలి. అమెరికాలోని లూసియానాలో దొరికిన పెద్ద వెన్నుపూసను చూసి, అది సముద్రపు బల్లిదని రిచర్డ్ హార్లన్ భావించి ‘బాసిలోసారస్’ అని పేరు పెట్టాడు. అయిదేళ్ళ తర్వాత లండన్‌లో రిచర్డ్ ఓవెన్ దాని పళ్ళు పరీక్షించాడు. ఒక్కో పంటికి రెండు వేళ్ళు. బల్లులకు అలా ఉండవు, పాలిచ్చే జంతువులకు ఉంటాయి. అది తిమింగలమని తేలినా, ముందు పెట్టిన పేరే నిలవాలన్న నియమం వల్ల ఇవాళ్టికీ బల్లి పేరుతోనే చలామణి అవుతోంది. ఇంతలో ఆల్బర్ట్ కోక్ అనే ఆయన ఈ జాతి ఎముకలన్నీ కలిపి 114 అడుగుల ‘సముద్ర సర్పం’ తయారుచేసి 1845లో న్యూయార్క్‌లో టికెట్టు పెట్టి చూపించాడు. జనం ఎగబడ్డారు.

బాసిలోసారస్‌ను గుర్తించి నూట యాభై ఏళ్ళు గడిచినా దాని వెనక కాళ్ళను ఎవరూ చూడలేదు. 1989లో ఫిలిప్ జింజరిచ్ బృందం ఈజిప్టు ఎడారిలోని వాదీ అల్ హితాన్‌లో వెన్నెముక పొడవునా వెతుక్కుంటూ పోయి, నడుము నుంచి చాలా దూరంలో వాటిని పట్టుకుంది. పదిహేను మీటర్లకు పైబడిన ఒంటికి చిట్టి కాళ్ళు. మోకాలు, చీలమండ, వేళ్ళు అన్నీ ఉన్నాయి, నడవడానికి మాత్రం పనికిరావు. అక్కడి రాళ్ళలో సముద్రపు ఆవుల ఎముకలు, మడ చెట్ల వేళ్ళు కూడా దొరికాయి. ఇప్పుడు చుక్క నీరు లేని ఆ ఇసుక నేల ఒకప్పుడు లోతు తక్కువ వెచ్చని సముద్రమన్నమాట. 2005లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

అంతకన్నా పాత తిమింగలాలు పాకిస్తాన్‌లో దొరికాయి. జింజరిచ్, డొనాల్డ్ రసెల్ 1981లో వర్ణించిన ‘పాకిసీటస్’ పుర్రె నది మోసుకొచ్చిన మట్టి పొరల్లో, నేల మీది జంతువుల ఎముకల మధ్య ఉంది. 1994లో తేవిసెన్, తస్సీర్ హుస్సేన్, మహమ్మద్ ఆరిఫ్ ప్రకటించిన ‘ఆంబులోసీటస్’ కాలాచిట్టా కొండల్లోది. నేల మీద కాళ్ళీడ్చుకుంటూ నడిచి, నీళ్ళలో పెద్ద పాదాలతో ఈదిన జంతువది. మన కచ్‌లో సాహ్నీ, సునీల్ బాజ్‌పేయ్ తదితరులు వెలికితీసిన రెమింగ్టనోసీటస్, కచ్చిసీటస్ లాంటివి తీరపు నీళ్ళకు అలవాటుపడిన తరం. ఇవన్నీ ఇయోసీన్ యుగానివే, అంటే సుమారు 5.6 కోట్ల నుంచి 3.4 కోట్ల ఏళ్ళ మధ్యవి. మన భూఖండం ఆసియాను ఢీకొని, మధ్యనున్న టెథిస్ సముద్రం మూసుకుపోతున్న కాలమది. తిమింగలం నీళ్ళలోకి దిగిన తొలి అడుగులన్నీ ఆ తీరంలోనే పడ్డాయి.

మరి తిమింగలం ఏ జంతువు నుంచి వచ్చింది? పళ్ళ పోలికలు చూసి 1966లో లీ వాన్ వేలెన్, మెసోనిక్స్ అనే మాంసాహారి కుటుంబం వైపు వేలు చూపాడు. జన్యువులు చదివినవాళ్ళు 1990లలో అడ్డం తిరిగారు: తిమింగలానికి దగ్గరి చుట్టం నీటిగుర్రం అన్నారు. ఎముకల వాళ్ళకిది మింగుడుపడలేదు. 2001లో ఒక్క రోజు తేడాలో ఇద్దరు ప్రత్యర్థుల వ్యాసాలు వెలువడ్డాయి. ఒకటి జింజరిచ్‌ది, రెండోది తేవిసెన్‌ది. వేర్వేరు తిమింగలాల చీలమండ ఎముకల్లో ఇద్దరికీ కనబడింది ఒకటే. రెండు చివర్లా గిలక ఆకారం. మేక, జింక, ఒంటె లాంటి జంట గిట్టల జంతువులకు తప్ప ఎవరికీ లేని ఎముక అది. జన్యువుల మాటే నెగ్గింది. అయితే ఆ గుంపులో తిమింగలాలకు బాగా దగ్గరిదేదన్నది తేలలేదు. నీటిగుర్రాల శిలాజాలు చాలా తర్వాతి కాలానివి.

ఆ ఖాళీలోకి రావుగారి రాళ్ళు వచ్చి పడ్డాయి. చెవి ఎముక ఒక్కటే సాక్ష్యమైతే నమ్మడం కష్టమే. అందుకే తేవిసెన్ బృందం కాళ్ళ ఎముకలను కోసి చూసింది. లోపలి బోలు ఇరుకు, గోడలు మందం. నీటి అడుగున తేలిపోకుండా నడిచే నీటిగుర్రానికీ అలాంటి బరువు ఎముకలే ఉంటాయి. తర్వాత పంటి పింగాణీలోని ఆక్సిజన్‌ను కొలిచారు. నేల మీది జంతువు చెమటగా, ఆవిరిగా నీరు పోగొట్టుకుంటుంది. అందులో తేలిక ఆక్సిజన్ ముందు పోయి, బరువైనది ఒంట్లో మిగులుతుంది. నీళ్ళలోనే గడిపేదానికి ఆ నష్టం తక్కువ. ఇండోహ్యూస్ పంటిలో లెక్క నీటి జంతువు వైపే మొగ్గింది. 2007 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో ఫలితం వచ్చింది. రచయితల్లో బాజ్‌పేయ్‌తో పాటు డెహ్రాడూన్ వాడియా సంస్థకు చెందిన బి.ఎన్. తివారీ కూడా ఉన్నారు.

మన నల్లమలలో కనిపించే మూషిక జింకను చూసినవాళ్ళకు ఇండోహ్యూస్ రూపం ఊహించడం తేలిక. దాని ఆఫ్రికా బంధువు ఆపద ముంచుకొస్తే వాగులోకి దూకి మునిగి దాక్కుంటుంది. ఇండోహ్యూస్ కూడా మొదట తిండి కోసం కాక, ప్రాణభయంతో నీటి దారి పట్టి ఉండొచ్చని పరిశోధకుల ఊహ. చేపల మీదికి నోరు మళ్ళింది ఆ తర్వాతే. చెవి, ఎముకలు నీటికి ముందే సిద్ధమయ్యాయి, పళ్ళు నిదానంగా మారాయి.

ఇండోహ్యూస్ కథలో కొత్తగా తవ్వి తీసినదాని కన్నా, తీసి పెట్టినదాన్ని మళ్ళీ చూడటం వల్ల తేలిందే ఎక్కువ. కచ్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2005లో పనంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన పెద్ద వెన్నుపూసలను చాలాకాలం మొసలివనుకున్నారు. బాజ్‌పేయ్, దేబజిత్ దత్తా తీరిగ్గా శుభ్రంచేసి పోల్చి చూస్తే, 11 నుంచి 15 మీటర్ల పొడవుండొచ్చని అంచనా వేసిన పాము తేలింది. 2024లో దానికి ‘వాసుకి ఇండికస్’ అని పేరు పెట్టారు. పుర్రె విరగడం అదృష్టమే కావచ్చు. విరిగినప్పుడు పక్కన తిమింగలాల చెవి తెలిసినవాడు ఉండటం అదృష్టం కాదు. ఏళ్ళ తరబడి రాళ్ళను పారేయకుండా దాచిన ఇల్లాలి ఓపికా అదృష్టం కాదు. మన కళాశాలల బీరువాల్లో, సర్వే కార్యాలయాల గిడ్డంగుల్లో దుమ్ము పట్టిన పెట్టెలను పారేసే ముందు ఒకసారి తెరిచి చూడాలనడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకనక్కర్లేదు.