ప్రీఎక్లాంప్సియా

ప్రీఎక్లాంప్సియా గర్భిణులకు ఐదో నెల దాటాక వచ్చే జబ్బు. బీపీ 140/90కి గానీ అంతకు మించి గానీ పోతుంది, మూత్రంలో ప్రొటీన్ పడుతుంది, లేదంటే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. ముదిరితే ఫిట్స్ వస్తాయి. తెలుగు పల్లెల్లో దీన్నే గుర్రపు వాతం అంటారు.

ఈ ఫిట్స్ మూర్ఛరోగం కాదని 1739లో ఫ్రెంచి వైద్యుడు సోవాజ్ తేల్చి చెప్పాడు. 1843లో లండన్ గైస్ ఆసుపత్రిలో జాన్ లీవర్ ఫిట్స్ వచ్చిన గర్భిణుల మూత్రంలో ప్రొటీన్ కనిపెట్టాడు. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచ్చి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే మిషన్ తెచ్చాక, ఫిట్స్ రాకముందే జబ్బును పసిగట్టే వీలు కలిగింది. మూలం మాత్రం మావిలో ఉంది. అక్కడి నుంచి అతిగా విడుదలయ్యే ఒక ప్రొటీన్ తల్లి రక్తనాళాలను పాడుచేస్తోందని 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం చూపింది.

ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేటే మేలైన మందని 1995లో రుజువైంది. నల్లమల మీది అమ్రాబాద్ లాంటి చోట ఈ మందు విలువ ఇంతా అంతా కాదు. చెంచు పెంటల నుంచి మండల కేంద్రానికి, అక్కడి నుంచి అచ్చంపేట ఆసుపత్రికి అడవి దారే. ఏఎన్ఎం మూత్రంలో ముంచిన పరీక్ష పుల్ల పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగి, బీపీ 160/110 దాటి, తలనొప్పితో కళ్లు మసకబారుతుంటే, పిర్రకు 5 గ్రాముల చొప్పున రెండు వైపులా సూది వేసి పెద్దాసుపత్రికి పంపాలి. తెలంగాణలో తల్లీబిడ్డల కోసం 2017లో కేసీఆర్ కిట్ వచ్చింది. 2022 డిసెంబరులో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్ మొదలైన తొమ్మిది జిల్లాల్లో అమ్రాబాద్ ఉన్న నాగర్‌కర్నూల్ ఒకటి. తల్లుల మీద ఈ శ్రద్ధంతా కాన్పు చుట్టూనే తిరుగుతుంది.

జబ్బు కాన్పుతో ముగియదు. అమెరికాలో లియాన్ చెస్లీ 1931–51 మధ్య ఫిట్స్ వచ్చి బతికిన తల్లులను దశాబ్దాల పాటు గమనించి, తొలి కాన్పులో వచ్చినవారికి ఆపైన ప్రత్యేక ముప్పు లేదన్నాడు. ఆ ధీమా నిలవలేదు. దాదాపు 35 లక్షల మంది స్త్రీల వివరాలతో 2007లో వచ్చిన విశ్లేషణలో, ఈ జబ్బు వచ్చినవారికి తర్వాత బీపీ ముప్పు 3.7 రెట్లు, గుండెజబ్బు ముప్పు రెండు రెట్లకు పైగా, పక్షవాతం ముప్పు 1.8 రెట్లు ఉన్నట్టు తేలింది. 2011లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీన్ని స్త్రీలలో గుండెజబ్బు ముప్పు కారణాల్లో చేర్చింది.

మళ్లీ గర్భం దాలిస్తే సుమారు ఏడుగురిలో ఒకరికి తిరిగి వస్తుంది. అందుకే మూడో నెల నిండగానే డాక్టరు సలహాతో తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. ముప్పు ఎక్కువున్న వారిలో రాత్రిపూట వేసే 150 మిల్లీగ్రాముల మాత్ర, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చే రకాన్ని సగానికి పైగా తగ్గించిందని 2017లో తేలింది.

మన దేశంలో బీపీ, షుగర్ పరీక్షల కార్యక్రమం 30 ఏళ్లు నిండినవారికి. ఇరవై ఏళ్లకే గుర్రపు వాతం వచ్చిన తల్లికి అంతకాలం ఆగమనడం సరికాదు. ఆమెకు కాన్పయిన ఏడాది నుంచే, ఏటేటా, బీపీ, షుగర్ చూడాలి.