ఒక్క ప్రయాణానికే కాలిపోయిన విమానం

1967 అక్టోబరు 3. అమెరికాలోని నెవాడా ఎడారి మీద, బీ-52 బాంబర్ రెక్క కింద వేలాడుతోంది ఎక్స్-15ఏ-2 రాకెట్ విమానం. వేడిని తట్టుకోవడానికి ఒళ్లంతా తెల్లటి పూత. లోపల మేజర్ పీట్ నైట్. ఎడమ కిటికీకి కనురెప్పలాంటి లోహపు మూత బిగించారు. దారిలో పూత కాలి అద్దాలకు మసి పడుతుంది. దిగే వేళకు ఆ మూత తెరిస్తేనే అతనికి నేల కనిపించేది.

బాంబర్ వదిలేసింది. నైట్ ఇంజిన్ ముట్టించాడు. ఖాళీ అయిన బయటి ట్యాంకులు రెండూ ఊడిపడ్డాయి. వేగం చూపే ముల్లు పైకి వెళ్తూనే ఉంది. ఇంజిన్ ఆగేసరికి వేగం గంటకు 7,274 కిలోమీటర్లు, అంటే ధ్వనికి 6.7 రెట్లు! స్పేస్ షటిల్‌ను పక్కనబెడితే, రెక్కలున్న విమానాన్ని అంత వేగంగా నడిపిన మనిషి ఈనాటికీ లేడు.

ఆ సమయంలోనే అతనికి కనిపించని చోట, తోక కింద, విమానం కాలిపోతోంది. పరీక్ష కోసం అక్కడ ఉత్తుత్తి రామ్‌జెట్ ఇంజిన్ తగిలించారు. దాని ముందు పుట్టిన ఆఘాత తరంగాలు తోకరెక్కను తాకిన చోటల్లా వేడి రెట్టింపులై, ఇంకొనెల్ లాంటి మొండి లోహానికే బెజ్జాలు పడ్డాయి. దిగకముందే రామ్‌జెట్ తెగి ఎడారిలో పడిపోయింది. నైట్ క్షేమంగా దిగాడు. తోక కిందికి వంగి చూసినవాళ్లకు కరిగి చిరిగిన లోహం కనిపించింది. బాగుచేశారు గానీ, ఆ విమానం మళ్లీ ఎగరలేదు. ఇప్పుడది ఒహాయో రాష్ట్రం డేటన్‌లోని మ్యూజియంలో ఉంది.

ధ్వనికి ఐదు రెట్లు మించిన ‘హైపర్‌సోనిక్’ వేగంతో హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కు రెండు మూడు గంటల్లో చేరొచ్చన్న ఆశ నాకూ ఉంది. అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులకు అది ఎంత ఊరటో వేరే చెప్పాలా? కానీ ధ్వనికి రెండు రెట్ల వేగంతో వెళ్లిన కాంకార్డ్ ముక్కే 127 డిగ్రీలు వేడెక్కేది, ఆ వేడికి గాల్లో ఉండగా విమానం జానెడు పొడవు సాగేది. ఐదు రెట్లంటే కథే వేరు. మన హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనా సంస్థ డీఆర్‌డీఎల్ 2025 ఏప్రిల్‌లో, అలాంటి వేగాలకు వాడే స్క్రామ్‌జెట్ ఇంజిన్ దహన గదిని నేల మీద 1,000 సెకన్లకు పైగా మండించింది. గర్వించదగ్గ విజయమే. అయితే అది పావుగంట పైచిలుకు, అదీ ప్రయాణికులు లేకుండా, క్షిపణుల కోసం.

అందుకే ఈసారి హైపర్‌సోనిక్ ప్రయాణికుల విమానం బొమ్మ పేపర్లో కనబడితే, ఎంత వేగమని అడక్కండి. దిగిన విమానం అదే రోజు మళ్లీ ఎగురుతుందా అని అడగండి. అలా ఎగిరించి చూపినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.