రంగం బియ్యం, మన పాదాలు

"రంగం వెళ్ళాడు" అంటే మన ఉత్తర కోస్తాలో ఒకప్పుడు బతుకుతెరువు కోసం రంగూన్ ఓడ ఎక్కాడని అర్థం. అలా వెళ్ళిన తెలుగువారిని బర్మాలో కోరంగీలు అనేవారు. కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి వల్ల వచ్చిన పేరది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. సూలే పగోడా ఉన్న చౌక్తడా పేటకు దక్షిణాన, స్ట్రాండ్ రోడ్డు వెంబడి ఉన్న రేవుల్లో బస్తాలు మోసినవారిలో ఎక్కువమంది మనవాళ్ళు. 1930 మే నెలలో అక్కడ మొదలైన అల్లర్లలో ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను దాడి చేసినప్పుడు లక్షలాది భారతీయులు బర్మా వదిలారు. వారిలో చాలామంది కాలినడకనే వచ్చారు. మా పెదతాతగారు అలా నడిచి వచ్చినవారేనని ఇంట్లో పెద్దలు చెప్పేవారు.

ఆ బస్తాల్లోని బియ్యానికీ, కాళ్ళకూ సంబంధించిన కథ ఇంకొకటి ఉంది. మిల్లులు వచ్చాక దంపుడు బియ్యం పోయి తెల్లబియ్యం వచ్చింది. తవుడుతో పాటు బి1 విటమిన్ పోయింది. అది కరువైతే నరాలు దెబ్బతిని కాళ్ళు మొద్దుబారతాయి, నడక తప్పుతుంది. అదే బెరిబెరి. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఇది అరుదు. పచ్చి బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో మాత్రం పాతుకుపోయింది. మెక్‌కారిసన్, నోరిస్ 1924లో ఈ విషయాన్నే పరిశీలించి ప్రకటించారు.

దీనికి విరుగుడు అందించినవాడు మన నెల్లూరులో పుట్టినవాడే! మిషనరీ దంపతులకు 1886లో అక్కడ జన్మించిన రాబర్ట్ విలియమ్స్, మనీలాలో తవుడు సారంతో బెరిబెరి రోగులు కోలుకోవడం చూశాడు. తర్వాత అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో రసాయన విభాగం చూస్తూనే తీరిక వేళల్లో ఆ పరిశోధన సాగించి, 1936లో బి1ను కృత్రిమంగా తయారుచేశాడు. యూనిక్స్ పుట్టిన సంస్థగానే బెల్ ల్యాబ్స్‌ను ఎరిగిన నా బోటి సాఫ్ట్‌వేర్‌వాడికి ఇది తీపి కబురు.

బెరిబెరి తగ్గింది కానీ మన పాదాల తిమ్మిరి పోలేదు. ఇప్పుడది మధుమేహం రూపంలో వస్తోంది. తెల్లబియ్యం బాగా ఎక్కువగా తినేవారిలో మధుమేహం ఎక్కువనీ, ఆ సంబంధం దక్షిణాసియాలో మరీ బలంగా ఉందనీ 21 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2020లో తెలిపింది. రక్తంలో ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే నరాలూ, వాటిని పోషించే సన్నని రక్తనాళాలూ పాడవుతాయి. అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలవి కనుక దెబ్బ మొదట అక్కడే తగులుతుంది. నరాల జబ్బు వల్ల మధుమేహం రాదు, మధుమేహం వల్లే నరాలు చెడతాయని ఫ్రెంచి వైద్యుడు మార్షల్ ద కాల్వీ 1864లోనే గుర్తించాడు.

మా నాన్నగారి పాదంలో మేకు దిగితే రెండు రోజులు ఆయనకే తెలియలేదు. సాక్సుకు అంటిన నెత్తురు చూసి అమ్మ కనిపెట్టింది. నొప్పి లేకపోవడమే ఈ జబ్బులో అసలు ప్రమాదం. తెలియని పుండు ముదిరితే కాలు తీసేసేదాకా పోవచ్చు.

బెరిబెరికి బి1 విరుగుడైనట్టు, పాడైన నరాన్ని తిరిగి బాగుచేసే మాత్ర దీనికి ఇంకా లేదు. అయితే ముందుచూపు పనిచేస్తుంది. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచితే టైప్ 1 రోగులలో నరాల జబ్బు సుమారు 60 శాతం తగ్గుతుందని 1993లో అమెరికాలో పెద్ద అధ్యయనం తేల్చింది. టైప్ 2లో అంత కాకపోయినా మేలే.

నేను వైద్యుణ్ణి కాను. అయినా ఒక మనవి. రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి, పెద్దవాళ్ళవి మీరు చూడండి. ఏడాదికొకసారి డాక్టరు చేత సన్నని నైలాన్ పోగుతో స్పర్శ పరీక్ష చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 తగ్గి, అదీ నరాలను దెబ్బతీయవచ్చు. ఆ పరీక్ష కూడా అడగండి. రంగం నుంచి అంత దూరం నడిచి వచ్చిన కాళ్ళ వారసులం మనం. అరికాలి కింద ఏముందో మనకు తెలుస్తూ ఉండాలి.