పద్దు నుంచి ట్యాగు దాకా

తెలుగునాట వ్యాపారపు లెక్క చాలాకాలం రెండు పుస్తకాల మీద నడిచింది. ఏ రోజు లావాదేవీని ఆ రోజే, జరిగిన వరుసలోనే రాసుకునేది చిట్టా కాగా, ఆ చిట్టాలోని నమోదులను విడదీసి ఫలానా ఆసామి ఖాతా, ఫలానా సరుకు ఖాతా, ఫలానా ఖర్చు ఖాతా అని పేరుపేరునా ఎక్కించేది ఆవర్జా. జమ, ఖర్చు, బాకీ వంటి మాటలు అరబ్బీ, పారసీక భాషల నుంచి పాలనా వ్యవహారాల ద్వారా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. వాటి నడుమ 'పద్దు' అనే మాటది ప్రత్యేకమైన స్థానం: పుస్తకంలో రాసిన ఒక్కొక్క నమోదూ పద్దే, ఆ నమోదు చేరవలసిన శీర్షికా పద్దే. నేటి సొంత లెక్కల సాఫ్ట్‌వేర్‌లో 'క్యాటగిరీ' అని కనిపించేది ఈ రెండో అర్థంలోని పద్దే.

ఇటువంటి క్రమాన్ని యూరప్‌లో తొలిసారి అచ్చులో వివరించినవాడు లూకా పాచోలీ అనే ఇటలీ సన్యాసి. 1494లో వెనిస్‌లో వెలువడిన తన గణిత గ్రంథంలో ఆయన, వచ్చింది వచ్చినట్టు రాసుకునే చిత్తు పుస్తకం, దాని నుంచి తీర్చి రాసే జర్నల్, అందులోంచి ఖాతాల వారీగా ఎక్కించే లెడ్జర్ అనే మూడింటిని నిర్దేశించాడు. తెలుగు వాణిజ్య పాఠ్యపుస్తకాలు జర్నల్‌కు చిట్టా అనీ, లెడ్జర్‌కు ఆవర్జా అనీ, ఖాతాల నిల్వలు సరిపోయాయో లేదో చూసే పట్టికకు అంకణా అనీ పేర్లు పెట్టుకున్నాయి. చిట్టాలో ప్రతి పద్దు కిందా ఆ లావాదేవీ ఎందుకు జరిగిందో ఒక చిన్న వాక్యంలో రాస్తారు. దీన్నే వివరణ లేదా నెరేషన్ అంటారు. ఆవర్జాకు ఎక్కించేటప్పుడు తేదీ, మొత్తం, పుట సంఖ్య వెళ్తాయి గానీ ఆ వాక్యం మాత్రం చిట్టాలోనే ఉండిపోతుంది. వర్గీకరణ చరిత్రలోని అసలు చిక్కు ఇదే.

ఇంటి లెక్కలో ఈ చిక్కు మరింత స్పష్టంగా తెలుస్తుంది. పెళ్లి జరిగే ఇంట్లో బియ్యం, బట్టలు, బస్సు చార్జీలు, పురోహితుడి దక్షిణ వేర్వేరు పద్దులకు చెందినా, ఇంటిపెద్దకు కావలసినది 'పెళ్లికి మొత్తం ఎంతయింది' అన్న లెక్క. అందుకే తెలుగు కుటుంబాలు పెళ్లి ఖర్చులకు విడిగా ఒక నోటు పుస్తకం పెట్టేవి. చదివింపులకు మరొకటి పెట్టి, ఎవరెంత చదివించారో వరసగా రాసి, వాళ్లింట శుభకార్యం వచ్చినప్పుడు దాన్ని తీసి చూసుకునేవి. అయితే పెళ్లి పుస్తకంలోకి వెళ్లిన బియ్యం నెలవారీ పుస్తకంలో కనిపించదు. రెండింటిలోనూ రాస్తే ఒకే రూపాయి రెండుసార్లు ఖర్చయినట్టు తేలుతుంది. జపాన్‌లో 1904లో హానీ మొతోకో అనే పాత్రికేయురాలు గృహిణుల కోసం ప్రచురించిన 'కకేబో' అనే లెక్కల పుస్తకం ఇంటి ఖర్చుకు ఒక క్రమం తెచ్చింది గానీ, కాగితానికి సహజమైన ఈ పరిమితి దానికీ తప్పలేదు.

ప్రభుత్వ లెక్కలు ఇదే చిక్కుకు అంకెలతో పరిష్కారం వెతికాయి. 1974 ఏప్రిల్ 1 నుంచి భారతదేశంలో ప్రభుత్వ వ్యయాన్ని, అది ఏ పనికి ఉద్దేశించినదో ఆ పనిని బట్టి వర్గీకరించడం మొదలైంది. నేడు కేంద్ర లెక్కల్లో వాడే పద్దు సంఖ్యకు ఆరు అంచెలు, 15 అంకెలు ఉంటాయి. మొదటి నాలుగంకెలు రంగాన్ని సూచిస్తాయి కనుక 2202 అంటే సాధారణ విద్య, 2210 అంటే వైద్యం, ప్రజారోగ్యం అని అర్థం. చివరి అంచె ఆ సొమ్ము జీతానికి పోయిందో ప్రయాణ భత్యానికి పోయిందో చెబుతుంది. మధ్యనుండే మైనర్ పద్దుల్లో 789 షెడ్యూల్డు కులాల ఉప ప్రణాళికకు, 796 గిరిజన ఉప ప్రణాళికకు గుర్తులు. ఏ రంగంలోనైనా సరే, ఆ సంఖ్య ఉన్న మొత్తాలను ఏరి కూడితే ఆ వర్గాలకు దక్కినదెంతో తేలుతుంది. పద్దులన్నిటినీ అడ్డంగా దాటిపోయే ఇటువంటి గుర్తునే సాఫ్ట్‌వేర్ పరిభాషలో ట్యాగు అంటారు. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలని 2013 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉప ప్రణాళికల చట్టం నిర్దేశించగలిగిందంటే, ఆ నిధులను విడిగా గుర్తించే ఏర్పాటు అప్పటికే లెక్కల్లో ఉండడం అందుకు ఒక ముఖ్యమైన ఆధారం.

1983లో అమెరికాలో మొదలైన ఇంట్యూట్ సంస్థ తెచ్చిన క్వికెన్, ఇంటి లెక్కను కంప్యూటర్‌కు ఎక్కించిన తొలితరం సాఫ్ట్‌వేర్‌లలో ప్రధానమైనది. అందులో క్యాటగిరీతో పాటు 'క్లాస్' అనే రెండో గుర్తు ఉండేది; తర్వాతి కూర్పుల్లో దానికే ట్యాగు అనే పేరు వచ్చింది. బియ్యం కొన్న పద్దు 'కిరాణా' క్యాటగిరీలోనే ఉంటూ 'పెళ్లి' అనే ట్యాగునూ మోయగలదు కాబట్టి, ఇక రెండో నోటు పుస్తకం అక్కర్లేదు, రూపాయి రెండుసార్లు లెక్కకు రాదు. చిట్టాలోనే ఉండిపోయిన కారణానికి ఈ విధంగా ఆవర్జాలోనూ చోటు దొరికింది.

2007లో అమెరికాలో వచ్చి 2024లో మూతపడిన మింట్ వంటి సొంత లెక్కల సేవలు మరో అడుగు వేసి, బ్యాంకు నుంచి లావాదేవీలను తెచ్చుకుని, దుకాణం పేరును బట్టి తామే పద్దు పెట్టాయి. శ్రమ తగ్గిన మాట నిజమే. కానీ దుకాణం పేరు ఎక్కడ కొన్నారో చెబుతుంది గానీ ఎవరి కోసం, ఏ సందర్భంలో కొన్నారో చెప్పదు. మందుల షాపులో కొన్న పాలపొడి వైద్యం పద్దుకే చేరుతుంది. 2016లో భారతదేశంలో మొదలైన యూపీఐ చెల్లింపుల్లో ఆ కారణాన్ని రాసుకోవడానికి ఒక చిన్న గడి ఉంది. అది చిట్టాలోని వివరణకు వారసురాలు. దాన్ని నింపడం మాత్రం చెల్లించేవారి ఇష్టానికే వదిలేశారు.